పేజీకి వంద పేసోలు

పుంతా అరేనాస్‌లో మా కొట్టు బోర్డు మీద
ఉన్నవి మూడే:
ఫోటోలు. దరఖాస్తులు.
స్కానింగ్, పేజీకి వంద పేసోలు.
నాలుగోది రాయలేదు గానీ ఊరందరికీ తెలుసు:
తలుపు గట్టిగా పట్టుకోండి, గాలి లాక్కుపోతుంది.

ఆ మంగళవారం తలుపును భుజంతో మూసి
ఎదుల్వినా ఒయార్సో లోపలికొచ్చింది.
డెబ్బై ఆరేళ్లు. గోదాములో ఉన్ని రకాలు తేల్చిన వేళ్లు
ఇప్పటికీ దేన్ని ముట్టుకున్నా
నాణ్యం చూస్తున్నట్టే ఉంటాయి.
నా కౌంటరు అంచును కూడా అలాగే తడిమి
"న్యూజిలాండ్ వెళ్లాలి, యెర్కో.
వీసా అక్కర్లేదటగా?"

"అక్కర్లేదు. కానీ
వీసా లేకుండా రావచ్చని ఒక అనుమతి కావాలి."
"అంటే పెళ్లికి శుభలేఖ అక్కర్లేదు,
అక్కర్లేదన్న చీటీ మాత్రం పట్టుకుపోవాలి."
అంతే.

ఎందుకు వెళ్తున్నావని ఫారం అడగలేదు, నేనడిగాను.
"నా తీగ మీద ముప్పై ఏడేళ్లుగా
దుప్పట్లు చింపుతోందే ఈ గాలి,
అటువైపు నుంచే బయల్దేరుతుందని రేడియోలో విన్నాను.
ఒక్కసారి దాని పుట్టింటివాళ్లతో మాట్లాడొద్దూ?"

ఫోటోకి తెల్లగోడ. నవ్వకూడదు.
నీడ పడకూడదు. కళ్లద్దాలు తియ్యాలి.
నేను చెప్పకముందే అన్నీ చేసేసింది.
గోడకి వీపానించి ఆమె నిలబడ్డ తీరు చూసి
నేనే కెమెరా దించాను, కాసేపు.

పేరు. పుట్టిన తేదీ. పాస్‌పోర్టు నంబరు.
ఏ కోర్టయినా శిక్ష వేసిందా? లేదు.
("శిక్ష పడింది, కోర్టే లేదు," అని గొణిగింది.)
మరే దేశం నుంచైనా
మిమ్మల్ని ఎప్పుడైనా వెళ్లగొట్టారా?

అవును. లేదు. రెండు చిన్న గుండ్రాలు.
నా వేలు అలవాటుగా లేదు మీదికి పోయింది,
రోజుకి ఇరవైమందికి అలా పోతుంది.
ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"మరే దేశం అంటే?"
"మనది కాక వేరేది."
"నన్ను పంపేసింది మనదే."
"అయితే లేదు అనే వస్తుంది."
"ఆగు. పంపేసిన రోజున అది మనదేనా?"

అప్పటికి నేను పుట్టలేదు.
ఆ సంవత్సరాల మాట వస్తే మా ఇంట్లో
చెంచాలు గట్టిగా మోగేవి.

"విమానం మెట్ల దాకా ఇద్దరు తోడొచ్చారు.
ఒకడు నా సంచి కూడా మోశాడు, మర్యాదగా.
పదమూడేళ్లు మాల్మోలో చేపలు డబ్బాలకెత్తాను.
ఇంటికి పోతానని కాన్సులేటులో అడిగినప్పుడల్లా
పాస్‌పోర్టు తెరిచి ఒక్క అక్షరం చూపించేవాళ్లు.
ఎల్.
వాక్యం కూడా కాదు."

"లేదని నొక్కితే ఎవరికి తెలుస్తుంది, డోన్యా ఎదుల్వినా?"
"నాకు తెలీదూ?"

తనే నొక్కింది.
తెల్లటి పెట్టె ఒకటి తెరుచుకుంది:
వివరించండి, అయిదు వందల అక్షరాలకు మించకుండా.
ఒంటివేలితో, కోడి గింజలేరినట్టు, కొట్టడం మొదలెట్టింది.
వెనక నిలబడ్డ గొర్రెల డాక్టరు దగ్గాడు, రెండుసార్లు.
నా దేశం నన్ను గెంటేసింది. తిరిగి వచ్చాను.
ఇంకా నాలుగు వందల డెబ్బై ఏడు అక్షరాలు
మిగిలాయంది తెర.
"మిగలనీ."

జవాబుకి మూడు రోజులన్నారు.
మూడు రోజులూ వచ్చింది, జవాబు కోసం కాదట,
ఒకరోజు కవరు కొనడానికి,
ఒకరోజు పెన్సిలు చెక్కుకోవడానికి,
ఒకరోజు ఊరికే వాన వెలిసేదాకా.

నాలుగో రోజు ఉత్తరమొచ్చింది: ఆధారం జతచేయండి.

వెళ్లగొట్టినట్టు ఆధారం!
వెళ్లగొట్టేవాళ్లు రసీదు ఇస్తారా ఎక్కడైనా?
రొట్టెల సంచిలోంచి ఆమె పాత పాస్‌పోర్టు తీసింది.
స్కానర్ అద్దం మీద బోర్లా పడుకోబెట్టాను.
పచ్చటి వెలుగు పేజీ కింద మెల్లగా నడిచింది,
ఎల్ దగ్గర ఆగలేదు.
దానికి అన్ని అక్షరాలూ ఒకటే.

పంపేశాను. డబ్బులొద్దన్నాను.
బోర్డు వైపు చూసింది. నా వైపు చూసింది.
వంద పేసోల బిళ్లను రెండు వేళ్ల మధ్య
నాణ్యం చూస్తున్నట్టు తిప్పి
కౌంటరు మీద పెట్టి
"రసీదు రాసివ్వు," అంది.